మలక్‌పేట నుంచి వర్జీనియా సెనేట్ దాకా: వలస వెళ్లిన ప్రజాప్రతినిధుల గురించి మా దగ్గర అడిగే ప్రశ్నలు

జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు నల్గొండలో గ్రూప్స్ రాసే పిల్లలకు పాలిటీ చెబుతున్నాను. 2025 నవంబర్‌లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా గజాలా హష్మీ గెలిచిన వార్త పేపర్లలో వచ్చినప్పటి నుంచి క్లాసులో, క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగేచోట, ఆఖరికి పెళ్లి బంతిలో కూడా ఇవే ప్రశ్నలు. పరీక్ష రాసే పిల్లలు అడిగేవి ఒక రకం, అమెరికాలో కొడుకో కూతురో ఉన్న పెద్దలు అడిగేవి ఇంకో రకం. రెండూ కలిపి ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇంతకీ ఈ గజాలా హష్మీ ఎవరు సార్?

1964లో హైదరాబాద్‌లో పుట్టారు. చిన్నప్పుడు ఉన్నది మలక్‌పేటలో, అమ్మమ్మ తాతయ్యల ఇంట్లో. మలక్‌పేట మనకు కొత్తేం కాదు. దిల్‌సుఖ్‌నగర్ దాటాక బస్సు కండక్టర్ 'నల్గొండ క్రాస్‌రోడ్స్' అని అరిచే చోటు ఆ పక్కనే.

తండ్రి అమెరికాలో పీహెచ్‌డీ చేసి, జార్జియా రాష్ట్రంలో ఒక చిన్న ఊరి యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం చెప్పేవారు. నాలుగేళ్ల వయసులో ఈమె తల్లితో, అన్నతో కలిసి అక్కడికి వెళ్లారు. అక్కడే డిగ్రీ, ఆ తర్వాత అట్లాంటాలో ఎమరీ యూనివర్సిటీలో అమెరికన్ సాహిత్యంలో పీహెచ్‌డీ. 1991లో పెళ్లయ్యాక వర్జీనియా రాజధాని రిచ్‌మండ్ వైపు మారి, దాదాపు ముప్పై ఏళ్లు కాలేజీ పాఠాలు చెప్పారు. అందులో ఎక్కువ కాలం రెనాల్డ్స్ కమ్యూనిటీ కాలేజీలో. కమ్యూనిటీ కాలేజీ అంటే గొప్ప యూనివర్సిటీ అనుకోకండి. పగలు పనిచేసుకుని సాయంత్రం చదువుకునేవాళ్లు, ఫీజు కట్టలేక చదువు ఆపేసినవాళ్లు మళ్లీ వచ్చి చేరే కాలేజీ అది.

2017లో కొన్ని ముస్లిం దేశాల వాళ్ల రాకపై ట్రంప్ ప్రభుత్వం నిషేధం పెట్టింది. రాజకీయాల్లోకి రావాలని తనకు అప్పుడే అనిపించిందని ఆమె చాలాసార్లు చెప్పారు. 2019లో మొదటిసారి పోటీ. ఎదుటివాడు సిట్టింగ్ సెనేటర్, రిపబ్లికన్ పార్టీ. ఆయన్ని ఓడించి వర్జీనియా సెనేట్‌లోకి వెళ్లిన మొదటి ముస్లిం, మొదటి దక్షిణాసియా మనిషి అయ్యారు. ఆ ఎన్నికలోనే డెమొక్రాట్లకు సెనేట్‌లో 21–19 మెజారిటీ వచ్చింది. అంత సన్నటి మెజారిటీలో ప్రతి సీటుకూ విలువ ఉంటుంది కాబట్టి కొత్తగా వచ్చినావిడని ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. 2023లో నియోజకవర్గాల సరిహద్దులు మారాయి. 10వ జిల్లా పోయి 15వ జిల్లా వచ్చింది, అక్కడా గెలిచారు. 2024లో సెనేట్ విద్య, ఆరోగ్య కమిటీకి అధ్యక్షురాలయ్యారు. 2025 నవంబర్ 4న లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. 2026 జనవరి 17న ప్రమాణస్వీకారం.

అంటే మన తెలుగావిడేనా?

కాదు. ఉర్దూ మాట్లాడే హైదరాబాదీ కుటుంబం. వాట్సాప్‌లో ఎవరో 'తెలుగు తేజం' అని పెట్టారు, అది తప్పు. అలాగని పరాయి మనిషి అని కూడా నేను అనను. ఆమె తల్లి చదివింది కోఠి విమెన్స్ కాలేజీలో. మన జిల్లా నుంచి ఎంతమంది ఆడపిల్లలు హాస్టల్లో ఉండి ఆ కాలేజీలో చదువుకోలేదు?

పుట్టింది ఇండియాలో. మరి అక్కడ పోటీ ఎలా చేయనిచ్చారు?

ఈ ప్రశ్నకు నేనే ఒకసారి తప్పు జవాబు చెప్పాను. బయటి దేశంలో పుట్టినవాళ్లు అమెరికాలో గవర్నర్ కాలేరని క్లాసులో గట్టిగా చెప్పేశాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, 'మరి ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ కాలిఫోర్నియాకు ఎట్లా అయిండు సార్?' అంది. క్లాసంతా ఒకటే నవ్వు. ఆ అమ్మాయి చెప్పిందే నిజం.

పుట్టుకతో పౌరులై ఉండాలన్న షరతు అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకే. మిగతావాటికి పౌరసత్వం తీసుకుంటే చాలు. దిగువ సభ ఎంపీకి 25 ఏళ్ల వయసు, పౌరసత్వం వచ్చి ఏడేళ్లు. ఎగువ సభకు 30 ఏళ్లు, తొమ్మిదేళ్లు. రాష్ట్ర చట్టసభల రూల్స్ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే పెట్టుకుంటుంది. వర్జీనియాలో 21 ఏళ్లు నిండి, రాష్ట్రంలో ఏడాదిగా ఉంటూ, పోటీ చేసే నియోజకవర్గంలోనే నివాసం, ఓటు హక్కు ఉండాలి.

ఈ నివాసం షరతు దగ్గర కాస్త ఆగండి. మన దగ్గర కొడంగల్ మనిషి కామారెడ్డిలో నామినేషన్ వేయొచ్చు, గజ్వేల్ మనిషీ అక్కడే వేయొచ్చు. 2023లో చూశాం. వర్జీనియాలో అట్లా కుదరదు. ఎక్కడ ఉంటావో అక్కడే ఓటు, ఓటున్న దగ్గరే పోటీ.

మా అబ్బాయి హెచ్‌1బీ మీద డల్లాస్‌లో ఉన్నాడు. ఎన్నేళ్లకు పోటీ చేయొచ్చు?

మిర్యాలగూడ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి మరీ అడిగారు. ఆయన మనసు నొప్పించకుండా చెప్పడం కష్టమైంది.

హెచ్‌1బీ ఉద్యోగం కోసం ఇచ్చే వీసా. దాని నుంచి గ్రీన్‌కార్డు రావాలి. గ్రీన్‌కార్డు వచ్చాక మామూలుగా ఐదేళ్లకు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు, అమెరికా పౌరుల్ని పెళ్లి చేసుకుంటే మూడేళ్లకు. చిక్కు మొదటి మెట్టు దగ్గరే ఉంది. ఉద్యోగాల కోటాలో ఏ ఒక్క దేశానికీ ఏడాదికి ఏడు శాతానికి మించి గ్రీన్‌కార్డులు ఇవ్వరు. మనవాళ్లు లక్షల్లో క్యూలో ఉన్నారు కాబట్టి భారతీయులకు ఆ నిరీక్షణ పదేళ్లు దాటిపోయింది. ఇంతలో పిల్లలకు 21 నిండితే వాళ్లు తల్లిదండ్రుల దరఖాస్తులోంచి జారిపోతారు. అది ఇంకో టెన్షన్.

ఇప్పుడు గెలిచి కనిపిస్తున్నవాళ్ల లెక్క వేరు. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చి ఆసియావాళ్లకు తలుపు తీసింది. ఆ తర్వాత పదేళ్లలో వెళ్లిన డాక్టర్లు, ఇంజినీర్లు, ప్రొఫెసర్ల పిల్లలు వీళ్లలో చాలామంది. బళ్లో చేరే వయసుకే అక్కడున్నారు. ఇవాళ క్యూలో నిలబడ్డ మనవాడి తరం వేరు. పెద్దాయనకు అదే చెప్పాను, 'మీ అబ్బాయి కాదు, మనవరాలు కావచ్చు' అని. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'దానికి ఇప్పుడు మూడేండ్లు' అన్నారు.

స్టేట్ సెనేటర్ అంటే మన ఎమ్మెల్యేనా, ఎంపీనా?

ఎంపీ కాదు. మన పేపర్లు 'సెనేటర్' అని మాత్రమే రాసి వదిలేస్తాయి, అక్కడే గందరగోళం. వాషింగ్టన్‌లో కూర్చునే సెనేటర్లు 100 మంది, వాళ్లు వేరు. ఒక్క నెబ్రాస్కా తప్ప ప్రతి రాష్ట్రానికీ మళ్లీ తన సొంత సెనేట్, తన సొంత దిగువ సభ ఉంటాయి. వర్జీనియాలో 40 మంది సెనేటర్లు, 100 మంది డెలిగేట్లు. ఆ చట్టసభ 1619 నుంచి నడుస్తోంది, అంటే గోల్కొండను కుతుబ్‌షాహీలు ఏలుతున్న కాలం నుంచి.

మన భాషలో చెప్పాలంటే డెలిగేట్ ఎమ్మెల్యే లాంటివాడు, సెనేటర్ ఎమ్మెల్సీ లాంటివాడు. కానీ మన ఎమ్మెల్సీల్లా కాకుండా సెనేటర్‌ను నేరుగా జనమే ఎన్నుకుంటారు. ఒక్కో సెనేటర్ కింద రెండు లక్షల పదిహేను వేల దాకా జనాభా. మన అసెంబ్లీ నియోజకవర్గం కంటే కాస్త చిన్నది.

జీతం ఎంత?

అందరూ నవ్వే ప్రశ్న ఇది. వర్జీనియా సెనేటర్‌కు ఏడాదికి 18,000 డాలర్లు. నెలకు కాదు, ఏడాదికి. సమావేశాలప్పుడు రోజుభత్యం అదనం. నెలకు లెక్కేస్తే 1,500 డాలర్లు. రూపాయల్లోకి మార్చినా మన ఎమ్మెల్యేకు జీతం, అలవెన్సులు కలిపి నెలకు వచ్చే రెండున్నర లక్షల్లో సగం చుట్టుపక్కలే. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో అయితే 400 మంది సభ్యులకు తలా ఏడాదికి 100 డాలర్లు.

ఎందుకంటే అక్కడ అది పార్ట్‌టైమ్ పని. జనవరిలో సభ మొదలవుతుంది. సరిసంఖ్య సంవత్సరంలో 60 రోజులు, బేసి సంవత్సరంలో సాధారణంగా 46 రోజులు. తర్వాత ఎవరి ఉద్యోగం వాళ్లది. హష్మీ కూడా సెనేటర్ అయ్యాక కొన్నేళ్లు కాలేజీ ఉద్యోగం వదల్లేదు. ఈ పద్ధతి గొప్పదని కొందరంటారు. నాకు అంత నమ్మకం లేదు. ఏడాదికి 18,000 డాలర్లతో రాజకీయం చేయాలంటే వేరే ఆదాయమో, సంపాదించే జీవిత భాగస్వామో ఉండాలి. రోజుకూలి మనిషి ఆ కుర్చీ దాకా రాలేడు. మన దగ్గర ఖర్చు పెట్టలేక రాలేడు, అక్కడ తీరిక లేక రాలేడు.

మరి సీసీ రోడ్లు, పింఛన్లు, కల్యాణలక్ష్మి చెక్కులు... ఇవన్నీ ఎవరిస్తారు?

సెనేటర్ ఇవ్వడు. పొద్దున ఆరింటికే ఇంటి ముందు దరఖాస్తులతో జనం నిలబడటం అక్కడ ఉండదు. అభివృద్ధి నిధి అని చేతిలో పెట్టే డబ్బూ ఉండదు. ఒకరిద్దరు సహాయకులు, ఒక చిన్న ఆఫీసు. అసలు పని బిల్లు రాయడం, దానికి ఓట్లు కూడగట్టడం. మన దగ్గర బిల్లు సెక్రటేరియట్‌లో పుడుతుంది, మంత్రి చదువుతాడు, సభ్యులు చేతులెత్తుతారు. అక్కడ ప్రతి సభ్యుడూ సొంతంగా బిల్లు పెడతాడు. కమిటీలో సాక్షుల్ని పిలుస్తారు, అక్కడే చాలా బిల్లులు చచ్చిపోతాయి. అందుకే కమిటీ అధ్యక్ష పదవికి అంత పలుకుబడి.

హష్మీ బిల్లుల్లో ఎక్కువ చర్చ జరిగింది గర్భనిరోధక సాధనాలు వాడుకునే హక్కు మీద. 2024లో రెండు సభలూ ఆమోదించాయి, అప్పటి గవర్నర్ యంగ్‌కిన్ వీటో చేశారు. 2025లో మళ్లీ ఆమోదించాయి, మళ్లీ వీటో. గ్రూప్స్ పిల్లలు ఈ తేడా రాసుకోండి: మన ఆర్టికల్ 200 ప్రకారం గవర్నర్ తిప్పి పంపిన బిల్లును సభ మళ్లీ ఆమోదిస్తే ఆమోదముద్ర వేయక తప్పదు. వర్జీనియాలో వీటో దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 21–19 సభలో అది అయ్యే పనా?

టికెట్ ఎవరిస్తారు? బీఫాం ఉంటుందా?

బీఫాం లేదు, ఢిల్లీ చుట్టూ తిరగడం లేదు, గాంధీభవన్ ముందు ధర్నా లేదు. పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి చాలాచోట్ల ప్రైమరీ అని ముందే ఒక ఎన్నిక పెడతారు. వర్జీనియాలో పార్టీ సభ్యత్వం లేకపోయినా ఆ ఓటు వేయొచ్చు. 2025 జూన్‌లో లెఫ్టినెంట్ గవర్నర్ ప్రైమరీలో డెమొక్రాట్లు ఆరుగురు నిలబడ్డారు. వాళ్లలో రిచ్‌మండ్ మాజీ మేయర్ లెవర్ స్టోనీ పేరూ డబ్బూ ఉన్న మనిషి. హష్మీకి వచ్చింది నూటికి 28 లోపే, అయినా అదే అందరికంటే ఎక్కువ. రెండో స్థానం, మూడో స్థానం కూడా వెంట్రుకవాసి దూరంలోనే ఆగిపోయాయి. నవంబర్‌లో అసలు పోటీలో మాత్రం 55 శాతానికి పైగా తెచ్చుకున్నారు.

ఆరుగురంటే గుంపు అనుకుంటారు వాళ్లు. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి చెప్పడానికి నల్గొండ లోక్‌సభకు 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. ఆ బ్యాలెట్‌ను చేత్తో పట్టుకున్నవాళ్లు మన జిల్లాలో ఇంకా ఉన్నారు.

లెఫ్టినెంట్ గవర్నర్ అంటే పుదుచ్చేరిలో ఉన్నట్టా?

పేరు ఒక్కటే, పని వేరు. పుదుచ్చేరిలో రాష్ట్రపతి నియమిస్తారు. వర్జీనియాలో జనం ఓటేస్తారు, అది కూడా గవర్నర్‌తో జోడీగా కాదు, విడిగా. సెనేట్‌కు అధ్యక్షత వహించడం, ఓట్లు సమానమైతే తన ఓటు వేయడం, గవర్నర్ పదవి ఖాళీ అయితే ఎక్కడం. మన శాసనమండలి ఛైర్మన్ గుత్తా సుఖేందర్ రెడ్డి గారు చేసే పనిని గుర్తు తెచ్చుకోండి, చాలావరకు అదే. ఇది కూడా పార్ట్‌టైమే, ఏడాదికి 36,321 డాలర్లు.

తెలుగువాళ్లు ఎవరూ లేరా?

ఉన్నారు, హష్మీ కంటే ముందే.

ఉపేంద్ర చివుకుల నెల్లూరులో పుట్టారు, వృత్తికి ఇంజినీరు. న్యూజెర్సీ అసెంబ్లీలో 2002 నుంచి 2014 దాకా ఉన్నారు. అంతకుముందు ఫ్రాంక్లిన్ అనే టౌన్‌షిప్‌లో కౌన్సిలర్, 2000లో అక్కడ మేయర్. అంటే మన లెక్కలో వార్డు మెంబర్‌గా మొదలుపెట్టి వచ్చిన మనిషి. పార్లమెంటుకు రెండుసార్లు ప్రయత్నించి గెలవలేకపోయారు.

అరుణా మిల్లర్ హైదరాబాద్‌లో పుట్టి, ఏడేళ్ల వయసులో 1972లో వెళ్లారు. దిగిన రోజు మంచు పడుతుంటే, తన కోసం రంగు కాగితాలు చల్లుతున్నారని అనుకున్నానని ఆమె చెప్పుకుంటారు. సివిల్ ఇంజినీరింగ్ చదివి, మేరీల్యాండ్‌లో మాంట్‌గోమరీ కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్లు పనిచేశారు. మన ఆర్ అండ్ బీలో ఏఈ ఉద్యోగం లాంటిది. పౌరసత్వం తీసుకున్నది 2000లో. 2010లో మేరీల్యాండ్ దిగువ సభకు ఎన్నికై రెండు టర్మ్‌లు ఉన్నారు. 2018లో కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) సీటు కోసం ప్రైమరీలో నిలబడి, సొంత డబ్బు కోట్లలో ఖర్చుపెట్టిన వ్యాపారి చేతిలో ఓడిపోయారు. నాలుగేళ్లు పదవి లేదు. 2022లో వెస్ మూర్‌తో జోడీగా లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి గెలిచారు. వెళ్లిన 38 ఏళ్లకు చట్టసభ, యాభై ఏళ్లకు ఈ పదవి. మన పేపర్లలో మాత్రం మూడు కాలమ్‌ల వార్త, ఒక ఫొటో.

మిచిగాన్‌లో పద్మ కుప్ప, వరంగల్ ఆర్ఈసీలో మెకానికల్ చదివినావిడ. 2018లో, 2020లో దిగువ సభకు గెలిచి, 2022లో సెనేట్‌కు పోటీ చేసి ఓడిపోయారు. ఓడినవాళ్ల పేర్లు మనం త్వరగా మర్చిపోతాం కాబట్టి కావాలనే రాస్తున్నాను.

మనవాళ్లు నిలబడితే ఇక్కడి నుంచి చందా పంపొచ్చా?

వద్దు. రూపాయి కూడా పంపకండి. అమెరికా ఎన్నికల్లో విదేశీయుల డబ్బు నేరం. స్కూల్ బోర్డు నుంచి అధ్యక్ష పదవి దాకా ఏ ఎన్నికకైనా అంతే. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. హెచ్‌1బీ మీద, చదువుల వీసా మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు. మామయ్య ఇక్కడి నుంచి అల్లుడి ఖాతాలో వేసి, అల్లుడు తన పేరుతో ఇస్తే? అదీ నేరమే.

గీత మీదా, ఖురాన్ మీదా, బైబిల్ మీదా ప్రమాణం?

ఎవరిష్టం వాళ్లది. అరుణా మిల్లర్ భగవద్గీత మీద చేశారు, హష్మీ ఖురాన్ మీద. పదవికి మతపరీక్ష పెట్టకూడదని అమెరికా రాజ్యాంగంలోనే ఉంది. మనకు దైవసాక్షి, ఆత్మసాక్షి ఉన్నట్టే.

పౌరసత్వం మారితే ఇక్కడి భూమి, ఓటు సంగతేంటి?

నిజానికి పెద్దలు అడగాలనుకునేది ఇదే, మిగతావన్నీ దీనికి ముందుమాట. మన దేశంలో రెండు పౌరసత్వాలు కుదరవు. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజే ఇక్కడిది పోతుంది. విదేశీ పౌరులైన మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు వస్తుంది కానీ దానితో ఓటు రాదు, పోటీ రాదు. వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు, కొత్తగా వ్యవసాయ భూమి కొనలేరు. భారత పాస్‌పోర్టుతోనే అక్కడ ఉంటున్నవాళ్లకు మాత్రం ఊళ్లో ఓటు నమోదు చేసుకునే హక్కు ఉంది. వేయాలంటే మనిషి వచ్చి వేయాలి.

అక్కడ సంపాదించుకుని వచ్చి ఇక్కడ ఎమ్మెల్యేగా నిలబడితే?

ముందు భారత పౌరసత్వం తిరిగి తెచ్చుకోవాలి, అదీ సక్రమంగా. వేములవాడ చెన్నమనేని రమేశ్ గారి కేసు చూడండి. 2009 నుంచి నాలుగుసార్లు గెలిచారు. జర్మనీ పౌరసత్వం మీద కేసు ఏళ్లకేళ్లు నడిచి, 2024 డిసెంబర్‌లో హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి 30 లక్షలు కట్టమంది. అప్పటికి ఆ పదవీకాలాలన్నీ అయిపోయాయి. తీర్పు ఆలస్యంగా వస్తే ఓటరుకు మిగిలేదేంటని క్లాసులో అడిగారు. నా దగ్గర మంచి జవాబు లేదు.

సార్, పాలమూరు నుంచి ముంబై పోయిన మేస్త్రీ అక్కడ ఎమ్మెల్యేగా నిలబడొచ్చా?

ఇది మక్తల్ కుర్రాడు అడిగాడు. వాళ్ల నాయిన సెంట్రింగ్ పనికి వెళ్తాడు. వలస అనగానే నల్గొండ పిల్లలకు డల్లాస్ గుర్తొస్తే, ఆ వైపు పిల్లలకు ముంబై బస్సు గుర్తొస్తుంది.

చట్టం ప్రకారం నిలబడొచ్చు. మహారాష్ట్రలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై, 25 నిండి, 10,000 డిపాజిట్ కడితే చాలు. వీసా లేదు, గ్రీన్‌కార్డు లేదు, సొంత దేశం. తెలంగాణ నుంచి షోలాపూర్‌కు మగ్గాల పనికి, బీడీల పనికి పోయిన పద్మశాలి కుటుంబాల్లోంచి నర్సయ్య ఆడం అని కమ్యూనిస్టు నాయకుడు వచ్చారు. షోలాపూర్ నుంచి మూడుసార్లు ఎమ్మెల్యే. బీడీ కార్మికులకు ఇళ్ల కోసం దశాబ్దాలు కొట్లాడారు. రేనగర్ అనే కాలనీలో 30,000 ఇళ్ల పథకం అట్లా వచ్చిందే, 2024 జనవరిలో 15,000 ఇళ్లు అప్పగించారు. వలసబిడ్డల ప్రజాప్రతినిధి అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆయనే.

కానీ షోలాపూర్ వాళ్లు అక్కడే స్థిరపడ్డారు, రేషన్ కార్డు, ఓటు అక్కడే. మన మేస్త్రీ ఓటు ముంబైకి మార్చుకుంటే ఊళ్లో పింఛను, ఇందిరమ్మ ఇల్లు, సర్పంచ్ పలకరింపు అన్నీ పోతాయేమోనని భయం. అందుకే ఉండేది ఒకచోట, ఓటు ఇంకోచోట. ముంబైలో అతను కట్టే బిల్డింగ్ పక్కన మురుగు పారితే ఏ కార్పొరేటరూ పట్టించుకోడు, అతను ఆయన ఓటరు కాదు కదా. ఇక్కడ ఎమ్మెల్యేకు ఐదేళ్లకోసారి గుర్తొస్తాడు.

నారాయణపేట వైపు ఒకసారి పోలింగ్ డ్యూటీ పడింది. మధ్యాహ్నం మూడింటికి పార్టీవాళ్లు మాట్లాడిన ప్రైవేటు బస్సు ముంబై నుంచి వచ్చి బడి ముందు ఆగింది. దిగినవాళ్లు దిగినట్టే లైన్లో నిలబడ్డారు, సంచులు గోడ పక్కన. ఒకామె వేలికి సిరా పెట్టింది నేనే. సిమెంటుకు తోలు పగిలిపోయి ఉంది, సిరా చుక్క గోరు మీద ఆగకుండా పగుళ్లలోకి పారింది. మండినట్టుంది, చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇల్లు ఎక్కడమ్మా అని అడిగాను. ఊరి పేరు చెప్పి, 'పోయి చూసుకునే టైం లేదు సార్, బస్సు మళ్ల ఏడింటికే' అంది.